క్షణమును వ్రాసికొను యంత్రము

మన వెంకటగిరికోట నుండి పడమటి దిక్కుగా పోయి పొలిమేర దాటినచో, కొంతదూరములోనే కోలారు బంగారు గనుల మట్టిదిబ్బలు కన్నులబడును. మన ప్రాంతపు పల్లెలనుండి ఎందరో ఆ గనులలో కూలిచేసి సంసారములు నడపుకొనిరి. మా పెదనాయనగారు వారిలో నొకరు. పండుగకు ఇల్లు చేరినప్పుడు ఆయన బంగారమును గూర్చి చెప్పినది నాకు జ్ఞాపకము లేదు. రాతిని గూర్చియే చెప్పెడివారు. “భూమి ఒక్కపారి అదిరితే, పైనుండేవోళ్ళు, లోపలుండేవోళ్ళు అందరూ అడిగే మాట ఒకటేరా: యాడ?” అనెడివారు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకు యంత్రమును గూర్చియే ఈనాటి నా ప్రసంగము. దానికి డేటా రికార్డరు అని పేరు. చదువుకు వీలుగా దానిని సంకేతలేఖిని యందము.

ముందుగా రాయి ఏల పగులునో తెలిసికొనవలెను. కోలారులోని చాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయెను. అంత లోతున మీది రాతి బరువు మోయరానిది. ఖనిజమును త్రవ్వి తీసినకొలది బోలు ఏర్పడును. ఆ చోటు మోసిన బరువు ప్రక్కనున్న రాతిమీద పడును. మెత్తని మన్నయినచో మెల్లగా క్రుంగును. గట్టిరాయి క్రుంగదు, ఓర్చినంత ఓర్చి, ఒక్క క్షణమున బ్రద్దలగును. దీనిని రాతిపేలుడు అనవచ్చును. పెద్ద పేలుడు కలిగినప్పుడు పైనున్న ఇండ్లు సైతము అదరుచుండెను. ఏ గనిలో, ఏ అంతస్తున, ఏ మూల జరిగినదో తెలియనిదే రక్షింపబోవువారు ఎటు పోవుదురు?

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దులలోనే అచట భూకంపమాపక యంత్రమును నెలకొల్పిరి. జర్మను శాస్త్రజ్ఞుడు వీకెర్టు కల్పించిన ఆ యంత్రమున బరువైన లోలకమును, పొగచూరిన కాగితమును ఉండును. భూమి కదలినప్పుడు సూది మసిమీద గీత గీయును. అది ‘ఎప్పుడు’, ‘ఎంత’ అను ప్రశ్నలకు జవాబు చెప్పెను గాని, ‘యాడ’ అను ప్రశ్నకు ఒంటి యంత్రము చాలలేదు. 1978లో భాభా అణుపరిశోధన కేంద్రమువారి పూనికతో, భూమిమీదను గనుల లోపలను జియోఫోనులను అమర్చి, ఒక వలవలె కలిపిరి.

జియోఫోను చిన్న వస్తువు. అందు ఒక అయస్కాంతమును ఒక తీగచుట్టయును ఉండును. నేల కదలినచో తీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. నేల ఎట్లు ఊగునో విద్యుత్తును అట్లే ఊగును. ఈ ఎడతెగని సంకేతమునకు అనలాగు అని పేరు. ఇది కాలువలో పారు నీటివంటిది. కాలువ నీటిని లెక్కలో వ్రాయలేము; కళ్లములోని ధాన్యమును మానికతో కొలిచినట్లు కొలిచి, ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క అంకె వేసినచో వ్రాయగలము. అట్లు అంకెలుగా మారినదానికి డిజిటలు అని పేరు. 16 బిట్ల కొలత యనగా ఆ మానికకు 65,536 గీతలు గీచినట్లు.

ఎంత త్వరగా కొలువవలెను? మన తాతలనాటి కపిల బావిని తలచుకొనుడు. ఎద్దులు వాలున దిగును, మరల వెనుకకు ఎక్కును. అవి బావిగట్టు చేరిన క్షణముననే, విడతకు ఒక్కమారు చొప్పున మీరు కన్ను తెరచి చూచితిరేని, ఎద్దులు దినమెల్ల గట్టుననే నిలిచియున్నవని భ్రమపడుదురు. చూచినది అబద్ధము కాదు. చూచిన తీరు చాలలేదు. ఒక ఊగిసలాటను ఉన్నదున్నట్లు పట్టవలెనన్న, దానికి రెండుమార్లకు మించి చూడవలెను. 1928లో నైక్విస్టు, 1949లో షానన్ అను శాస్త్రజ్ఞులు ఈ నియమమును గణితముతో స్థాపించిరి. రాయి సెకనుకు 500 మార్లు ఊగినచో 1,000కి మించి కొలతలు వలయును. చేయితిరిగిన ఇంజనీర్లు 5,000 కొలతలు తీయుదురు.

ఇక ‘యాడ’ అను ప్రశ్నకు వత్తము. గట్టిరాతిలో కదలిక సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోవును. అనగా సెకనులో వేయవ వంతున 6 మీటర్లు. పేలిన చోటికి దగ్గరనున్న జియోఫోను ముందు వినును, దూరమున నున్నది వెనుక వినును. ఆ వ్యత్యాసములను బట్టి లెక్క వేసినచో పేలిన చోటు తేలును. అయితే జియోఫోనుల గడియారములు నూరవ వంతు సెకను తేడాగా నడచినచో లెక్క 60 మీటర్లు తప్పిపోవచ్చును. అందుచేత అన్ని తీగల కొలతలును ఒక్క గడియారపు దెబ్బకే జరుగవలెను.

నేటి సంకేతలేఖినిని విడివిడి అరలు గల పెట్టెగా చేయుదురు. ఒక్కొక్క అరలో ఒక్కొక్క పలక దూర్చవచ్చును. ఒక పలక జియోఫోనుల ఊగిసలాటను కొలుచును. ఇంకొకటి రాతిమీది ఒత్తిడిని కొలుచును. మరియొకటి ‘ఉన్నది, లేదు’ అను రెండు మాటలనే వ్రాయును. ఈ మూడవది అల్పముగా తోచును గాని దాని ఉపయోగము గొప్పది. గనిలో మనుష్యులే మందు పెట్టి రాతిని పేల్చుదురు గదా! మందు అంటించిన క్షణమును ఆ పలక గుర్తించినచో, ఏది మనుష్యుడు పేల్చినది, ఏది రాయి తనంత పేలినది అను భేదము తెలియును. ఒక పలక చెడినచో దానినే మార్చవచ్చును. పెట్టెనంతయు పారవేయనక్కర లేదు.

ఇందు ఇంకొక చిక్కు కలదు. 16 తీగలనుండి సెకనుకు 5,000 చొప్పున కొలతలు తీసి, కొలతకు 2 బైట్లు వ్రాసినచో, దినమునకు 1,382 కోట్ల బైట్లు అగును. నేటి డిస్కులు ఆ బరువును మోయగలవు. వెదకువాని కన్నులు మోయలేవు. అందు చాలభాగము నిశ్శబ్దమే. పోనీ, చప్పుడు కాగానే వ్రాయ మొదలిడుదమన్నచో, మొట్టమొదటి అల పోవును. ‘యాడ’ అన్నది చెప్పునది ఆ మొదటి అలయే!

దీనికి కనుగొన్న ఉపాయము గానుగ త్రోవ వంటిది. గానుగెద్దు తన పాత అడుగులమీదనే మరల మరల నడచినట్లు, యంత్రము తన జ్ఞాపకములో గుండ్రముగా వ్రాయుచు, పాతదానిని చెరపుచు పోవును. కొన్ని సెకనుల కథ ఎల్లప్పుడును దానివద్ద నిలువయుండును. చప్పుడు హద్దు మీరగానే చెరపుట ఆపును; జరుగుచున్నదానితోపాటు, జరుగుటకు ముందున్నదియు దక్కును. హద్దు మరీ తక్కువగా పెట్టినచో ఖనిజపు బండి కదలినను మేలుకొనును. ఎక్కువగా పెట్టినచో చిన్న పగుళ్ళు తప్పిపోవును. అందుచేత మూడు నాలుగు జియోఫోనులు స్వల్పకాలములో ఒకటి వెంట నొకటి పలికిననే నమ్ముట పద్ధతి. ఒక కుక్క మొరిగినచో దొంగ యనము. వీధి కుక్కలన్నియు మొరిగినచో దీపము వెలిగింతుము.

ఈ విద్య గనులకే చెందినది కాదు. మన పాత చిత్తూరు జిల్లాలోనే, చిత్తూరు–తిరుపతి దారిలోనున్న గాదంకి వద్ద 1,024 యాంటెన్నాలతో రాడారు నెలకొల్పిరి. అది ఆకాశమునకు రేడియో తరంగములను పంపి, తిరిగివచ్చు సన్నని ప్రతిధ్వనులను ఈ రీతినే అంకెలుగా మార్చి, మీది గాలుల పోకడను తెలుపును. అచట ఆకాశమును, ఇచట పాతాళమును వినుచున్నారు. వినికిడి నియమము ఒక్కటే.

పెద్దలారా, ఈ యంత్రము జోస్యము చెప్పదు. రేపు ఏ రాయి పగులునో చెప్పుమన్నచో ఊరకుండును. నిన్న ఎచట పగిలినదో, ఏ మూల చిన్న పగుళ్ళు దట్టమగుచున్నవో మాత్రము చూపును. దానినిబట్టి ఎచట ఆధారములు బలపరచవలెనో, ఎచటనుండి మనుష్యులను తప్పింపవలెనో నిర్ణయించుట మనుష్యుల పని.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. అయినను భూమి వెంటనే ఊరుకొనలేదు. విడిచిన గనులలోనికి నీరు ఎక్కినప్పుడు ప్రకంపనములు కలిగెను. 1988లో అచట స్థాపించిన జాతీయ శిలాయాంత్రిక సంస్థవారు వానిని గమనించిరి. మనుష్యులు వెడలిన పిదపను బోలు అట్లే యున్నది. బరువును అట్లే యున్నది.

మా పెదనాయనగారు తన కాలమున ‘యాడ?’ అని అడిగి, జవాబు కొరకు షాఫ్టు ముంగిట గంటలకొలది నిలిచినవారు. ఆ నిలుపును గంటలనుండి నిమిషములకు తగ్గించుటయే ఈ యంత్రము చేయు మేలు. లోపల తమవారు ఉన్నవారికి అది చిన్న మేలు కాదు.