విదేశాంగ విధానమూ మన ప్రశ్నే

విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల వ్యవహారమనీ, దళిత బహుజనులు రిజర్వేషన్ల గురించి మాట్లాడితే చాలనీ ఒక భావన మన విశ్వవిద్యాలయాల్లోనూ పాతుకుపోయింది. అంబేద్కర్ అలా అనుకోలేదు. 1951లో కేంద్ర న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు ఆయన చూపిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లు, షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యంతో పాటు విదేశాంగ విధానమూ ఉంది. ఏటా వచ్చే 350 కోట్ల రూపాయల రాబడిలో దాదాపు 180 కోట్లు సైన్యానికే పోతున్నాయనీ, మిత్రులను మిగల్చని విధానానికి అది ఫలితమనీ ఆయన లెక్కగట్టి చెప్పారు.

సరిగ్గా యాభై ఏళ్లకు, 2001లో, డర్బన్‌లో జాతివివక్షపై ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది. కులం జాతి కాదనీ, అది తమ అంతర్గత వ్యవహారమనీ భారత ప్రభుత్వం వాదించింది. దళిత సంఘాలు అక్కడికి వెళ్లి తమ గోడును ప్రపంచం ముందుంచినా, తుది ప్రకటనలో కులం ఊసే లేదు. దేశం పేరిట పలికిన ఆ మాటలో వెలివాడ అభిప్రాయానికి చోటు దక్కలేదు.

ఇంట్లో అడిగితే కులమెక్కడుందంటారు. బయట అడిగితే ఇంటి విషయమంటారు. బడ్జెట్టు మొదలు అంతర్జాతీయ ఒప్పందాల దాకా వెలివాడ నోరు విప్పనంత కాలం, ప్రజాభిప్రాయమన్న పేరుతో చెలామణి అయ్యేది కొందరి అభిప్రాయమే.