విశ్రాంత జీవితానికి కెమెరా: అవసరమెంత, ఆడంబరమెంత?

ఇబ్రహీంపట్నంలో పదవీ విరమణ పొందినవారు ఫజ్ర్ నమాజు ముగించుకుని చెరువుకట్ట మీద నడుస్తూ, ఆ నీటిని, పక్షులను చిత్రాలుగా పదిలపరచుకోవాలనుకోవడం సహజమే. అయితే ఆ కోరికకు వెచ్చించే గ్రాట్యుటీ సొమ్ము మళ్లీ రాదు. అందులో ఇల్లాలి వైద్యానికి, పిల్లల వివాహాలకు కూడా హక్కుంది. కనుక ఎన్నికలో వివేకం అవసరం.

లాటిన్‌లో ‘కెమెరా’ అంటే గది. పదవ శతాబ్దంలో బస్రాలో జన్మించిన ఇబ్ను హైసమ్, చీకటిగదిలోకి సన్నని రంధ్రం గుండా ప్రవేశించే వెలుగును పరీక్షించి, దృష్టికి మూలం కంటికి చేరే వెలుగేనని ‘కితాబుల్ మనాజిర్’లో నిరూపించారు. నేటి కెమెరా కూడా చీకటిగదే. రంధ్రం స్థానంలో లెన్సు, గోడ స్థానంలో సెన్సర్ వచ్చాయి.

సెన్సర్ పెద్దదైతే మసక వెలుగులోనూ చిత్రం శుభ్రంగా వస్తుంది. కానీ దానితో పాటు లెన్సు బరువు, ధర పెరుగుతాయి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ సుమారు 23×15. విహారానికి, కుటుంబ చిత్రాలకు ఈ రెండవది చాలు. మెగాపిక్సెళ్ల మోజు వద్దు. 24 మెగాపిక్సెళ్లతోనే 20 అంగుళాల వెడల్పు చిత్రాన్ని చక్కగా ముద్రించవచ్చు. దూరాన ఉన్న పక్షులే లక్ష్యమైతే, లెన్సు మార్చే పనిలేని దీర్ఘ జూమ్ కెమెరా ఖర్చు తగ్గిస్తుంది.

దుకాణంలో కెమెరాను పది నిమిషాలు చేత పట్టి చూడండి. మణికట్టు నొచ్చితే అది మీది కాదు. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పితే కళ్లద్దాలు లేకుండానే స్పష్టంగా కనబడుతుందేమో పరీక్షించండి. వణికే చేతులకు కుదుపును అదుపుచేసే సౌకర్యం తప్పనిసరి. లెన్సు, అదనపు బ్యాటరీ, కార్డు, చిత్రాలు దాచే డిస్కు, వీటన్నిటినీ లెక్కించిన తర్వాతే ధర ఎంతో నిర్ణయించుకోండి.

ప్రాణుల ఛాయాచిత్రాల విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. మీరు విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించండి. ఎవరినైనా, ముఖ్యంగా స్త్రీలను, అనుమతి లేకుండా చిత్రీకరించకండి.

ఆరవ నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజు పలకలపై తీసిన చిత్రాలలో నాటి హైదరాబాదు నేటికీ కనబడుతోంది. మన ఊరికీ అటువంటి సేవ అవసరం. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోస్తున్న ఈ పట్టణపు చెరువు ఏయే ఋతువులో ఎలా ఉంటుందో నమోదు చేయండి. చెదలు పట్టకముందే తాతల నాటి దస్తావేజులను, ఉర్దూ ఉత్తరాలను చిత్రాలుగా భద్రపరచండి. ప్రతి చిత్రానికీ తేదీ, స్థలం రాయండి.

కొనేముందు ఒక నెలపాటు చేతిలోని ఫోనుతోనే ఈ పని ప్రారంభించండి. నెల తర్వాత కూడా ఉత్సాహం నిలిచి, ఫోను చేయలేనిది ఏమిటో మీకే తెలిసివస్తే, అప్పుడు కొన్న కెమెరా బీరువాలో దుమ్ము పట్టదు.