గన్నవరం వంతెన అవతల పుట్టిన తిరుగుబాటు

పి.గన్నవరం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అక్విడెక్టు. గోదావరి పాయ వైనతేయ మీద 49 తూములతో, కింద నది, పైన కాలువ. కాటన్ దొర కాలంలో, 1850ల తొలినాళ్లలో కట్టిన ఆ కట్టడం గురించి ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ నీళ్లు అవతలి లంకకు చేరాక ఆ పొలాల్లో వంగి నాట్లు వేసినవాళ్ల పిల్లలు ఏం చేశారన్నది మాత్రం అంతగా చెప్పుకోం. ఈ విశేషాలు వాళ్ల గురించి, వాళ్లతో పాటు లోకాన్ని ఎదిరించిన మరికొందరు తెలుగు కుర్రాళ్ల గురించి.

అక్విడెక్టు దాటి రాజోలు దారి పట్టితే వచ్చే మామిడికుదురు బోయి భీమన్న పుట్టిన ఊరని మీకు తెలుసా? 1911లో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. స్వాతంత్ర్యానికి ముందే ఆయన రాసిన ‘పాలేరు’ నాటకం కథ చాలా సూటిగా ఉంటుంది. ఆసామి దగ్గర పాలేరుగా ఉన్న కుర్రాడు చదువుకుంటాడు, డిప్యూటీ కలెక్టరవుతాడు. ఇప్పుడు చదివితే ఇందులో విప్లవం ఏముంది అనిపించవచ్చు. కానీ ఆనాటి కోనసీమలో పాలేరుతనం అంటే ఏడాదికోసారి కుదిరే జీతం మాత్రమే కాదు. తండ్రి చేసిన అప్పు కొడుకును కూడా ఆ కమతానికే కట్టేసేది. పశువుల వెనక తిరిగే పిల్లాడు బడిలో కూర్చుంటే ఆసామికి ఒక పనివాడు తగ్గినట్టే. అందుకే బడికి పోవడమే ధిక్కారం అయింది. ఆ సంగతిని వేదికమీద, పాలేర్లే వచ్చి చూసే నాటకంలో చెప్పడం ఎంత ధైర్యమో ఆలోచించండి. నా మట్టుకు నాకు, భీమన్న రాసిన డెబ్భైకి పైగా పుస్తకాల్లో జనం మధ్యకు ఎక్కువగా వెళ్లింది ఇదే. సాహిత్య అకాడమీ బహుమతి మాత్రం 1975లో ‘గుడిసెలు కాలిపోతున్నై’కి వచ్చింది.

కాకినాడ పి.ఆర్. కళాశాల ఒక్కటే ఎందరు తిరుగుబాటుదారులకు తావయిందో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆడపిల్లలకూ దళిత విద్యార్థులకూ అక్కడ తలుపులు తెరిచారు. వితంతు వివాహాలు జరిపించారు. ఆయన ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లిన విద్యార్థుల్లో చలం ఒకరు. తరవాత అదే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు.

ఆ గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. పిల్లల పేర్లలో కులం, దేవుడు రెండూ లేకుండా చూసుకున్నారు. ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టిన కొడుకు లవణం, ప్రపంచ యుద్ధపు ఏడాది 1939లో పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం నౌ. పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లూ ఒకే పంక్తిలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు పెట్టేవారు. ఒకే పంక్తిలో కూర్చోవడం అప్పట్లో చిన్న విషయం కాదు, వెలి వేయడానికి అదొక్కటే చాలు. 1960లో లవణం మహాకవి జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడారు. తరవాతి కాలంలో ఆ దంపతులిద్దరూ నిజామాబాద్ ప్రాంతంలో దేవత పేరిట అంకితమైన జోగినుల విముక్తి కోసం పనిచేశారు.

అమెరికాలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు గ్రీన్స్‌బరోలో తెల్లవాళ్ల హోటల్ కౌంటర్ దగ్గర కూర్చుని, లేవమన్నా లేవలేదు. ఆ వార్త లోకమంతా పాకింది. మన సహపంక్తులు అంతకు రెండు దశాబ్దాల ముందువి.

1965 మేలో హైదరాబాద్‌లో ఒక అర్ధరాత్రి ఆరుగురు యువకవులు తమ పుస్తకాన్ని ఆవిష్కరింపజేశారు. చేసినవాడు మంత్రీ కాదు, పండితుడూ కాదు, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. వాళ్లే దిగంబర కవులు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న, అన్నీ పెట్టుకున్న పేర్లే. పుట్టుకతో వచ్చిన పేర్లను, వాటితో వచ్చిన కులాన్ని విడిచిపెట్టడం వాళ్ల మొదటి పని. సంవత్సరాలకు, ఋతువులకు, వారాలకు కూడా కొత్త పేర్లు పెట్టుకున్నారు. రెండో సంపుటిని 1966లో విజయవాడలో హోటల్ క్లీనర్ జంగాల చిట్టి, మూడోదాన్ని 1968లో విశాఖలో యాచకురాలు ఎడ్ల యాదమ్మ ఆవిష్కరించారు. వాళ్ల భాషలోని బూతు మీద అప్పుడు పెద్ద గొడవే జరిగింది, ఆ భాష నాకూ కొన్నిచోట్ల మింగుడుపడదు. కానీ పుస్తకం ఎవరి చేతికి ముందు అందాలో వాళ్లు చూపించిన తీరుకు ఈనాటికీ నమస్కరిస్తాను. మూడో సంపుటి తరవాత వాళ్లు కలిసి నడవలేదు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పుడు నలుగురు అటు వెళ్లారు.

అమెరికాలో 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ మొదలైంది. ఆ పేరునే స్ఫూర్తిగా తీసుకుని 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ దళిత్ పాంథర్స్ పెట్టారు. అదే దశకంలో నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్న ఓ కోనసీమ లాయరు అంబేడ్కర్ యువజన సంఘం పేరుతో కుర్రాళ్లను కూడగట్టారు. ఆయనే బొజ్జా తారకం. 1939లో కాట్రేనికోన దగ్గర కందికుప్పలో పుట్టారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి కోనసీమలో అంబేడ్కర్ ఉద్యమానికి ముందు నిలిచిన మనిషి. ఎమర్జెన్సీలో తారకం జైలుకు వెళ్లారు.

1985 జులై 17న కారంచేడులో దళితుల మీద ఊచకోత జరిగినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా ఇచ్చేసి ఉద్యమంలోకి దిగారు, దళిత మహాసభకు అధ్యక్షుడయ్యారు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని ఆయన ఓ చిన్న పుస్తకం రాశారు. స్టేషన్‌కు పట్టుకుపోయినప్పుడు మామూలు మనిషికి ఏ హక్కులుంటాయో వాడుక తెలుగులో చెప్పే పుస్తకమది. కార్యకర్తలు దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగేవారు.

ఆఖరి విశేషం, నాకు చాలా ఇష్టమైనది. తారకం భార్య విజయభారతి ఎవరో కాదు, మామిడికుదురు భీమన్నగారి అమ్మాయి. తండ్రి పాలేరు కథ రాశారు, మామగారు ఊళ్లలో ఉద్యమం నడిపారు, భర్త కోర్టులో పోరాడారు. ఆమె 1982లో తెలుగులో అంబేడ్కర్ జీవితచరిత్ర రాశారు. ఫూలే గురించి, పురాణాల్లోని కులం గురించి కూడా రాశారు. 2024లో కన్నుమూశారు. ఇంతటి కుటుంబాన్ని ఇచ్చిన సీమలో ఆమె పుస్తకాలు ప్రతి హైస్కూలు గ్రంథాలయంలోనూ ఉండాలి. పి.గన్నవరంతోనే మొదలుపెడితే మరీ సంతోషం.