కంపెనీని కొంటామని ఆఫర్ వస్తే.. బోర్డు ఏం చూస్తుంది?

మీ దగ్గర ఓ కంపెనీ షేర్లు వంద ఉన్నాయనుకోండి. ఉన్నట్టుండి ఓ పెద్ద సంస్థ వచ్చి షేరుకు ఇంత ఇస్తాం, అమ్మేయండి అంటే? అమ్మాలా, ఉంచుకోవాలా? 2019లో బెంగళూరు ఐటీ కంపెనీ మైండ్‌ట్రీ వాటాదారులకు సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది.

ఆ ఏడాది మార్చిలో కేఫ్ కాఫీ డే అధినేత వి.జి. సిద్ధార్థ, ఆయన సంస్థలు తమ 20 శాతం పైచిలుకు వాటాను షేరుకు 980 రూపాయల చొప్పున ఎల్ అండ్ టీకి అమ్మేందుకు ఒప్పుకున్నారు. అదే ధరకు మరో 31 శాతం కొంటామంటూ ఎల్ అండ్ టీ ఓపెన్ ఆఫర్ ప్రకటించింది. వ్యవస్థాపకులు గట్టిగా వ్యతిరేకించారు. కానీ వాళ్ల చేతిలో ఉన్నది దాదాపు 13 శాతమే.

తీర్పు చెప్పేది ఎవరు?

కంపెనీ చేతులు మారితే పాత యాజమాన్యం కుర్చీలు పోవచ్చు. అందుకే వాళ్ల మాట ఒక్కటే వింటే సరిపోదు. సెబీ 2011 టేకోవర్ నిబంధనల ప్రకారం ఆఫర్‌పై స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ వేయాలి. ఆ కమిటీ తన అభిప్రాయాన్ని కారణాలతో సహా ముందుగానే ప్రకటించాలి. కావాలంటే కంపెనీ ఖర్చుతో బయటి నిపుణుల సలహా కూడా తీసుకోవచ్చు.

ఇలాంటప్పుడు ముఖ్యంగా చూసేది ధర. ఈమధ్య మార్కెట్లో షేరు పలికిన రేటు ఎంత? ఇలాంటి కంపెనీలు ఎంతకు అమ్ముడుపోయాయి? ముందుముందు వచ్చే లాభాలను లెక్కేస్తే ఈ ధర సబబేనా? కొనేవాళ్ల దగ్గర అంత డబ్బు ఉందా?

అడ్డుకోవచ్చా?

అమెరికాలో బోర్డుకు కాస్త వీలుంది. 2022 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ షేరుకు 54.20 డాలర్లు ఇస్తానన్న మర్నాడే ట్విట్టర్ బోర్డు 'పాయిజన్ పిల్' తెచ్చింది. బోర్డు అనుమతి లేకుండా ఎవరైనా 15 శాతం వాటా చేరుకుంటే, మిగతా వాటాదారులు తక్కువ ధరకు అదనపు షేర్లు కొనుక్కోవచ్చన్నమాట. అయితే పది రోజులకే బోర్డు అదే ధరకు ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

మన దగ్గర అలా కుదరదు. ఓపెన్ ఆఫర్ వచ్చాక వాటాదారుల ప్రత్యేక తీర్మానం లేకుండా బోర్డు షేర్ల బైబ్యాక్ లాంటివి చేయకూడదు. మైండ్‌ట్రీ బోర్డు కూడా బైబ్యాక్ ఆలోచన చేసి, చివరికి మానుకుంది.

జూన్‌లో స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ 980 రూపాయలు న్యాయమైన ధరేనని చెప్పింది. ఎల్ అండ్ టీ వాటా 60 శాతానికి చేరింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2021 చివరికి అదే షేరు 4,000 రూపాయలు దాటింది. అంటే కమిటీ తప్పు చెప్పిందా? కాదు. 'న్యాయమైన ధర' అంటే ఆ రోజు లెక్కల ప్రకారం సరైన ధర అని మాత్రమే, రేపటికి జోస్యం కాదు. కమిటీ చెప్పిన కారణాలు చదివి, అమ్మాలో వద్దో తేల్చుకోవాల్సింది మాత్రం వాటాదారుడే.