తుపాను కంట్లోకి దూరే వేటగాళ్ళు: మీకు తెలుసా?

తుపాను వస్తోందంటే మనం తలుపులు బిగించుకుంటాం, పడవల్ని ఒడ్డుకు లాగేస్తాం. అమెరికాలో ఒక దళం మాత్రం సరిగ్గా అప్పుడే విమానం ఎక్కుతుంది! పేరు 53వ వెదర్ రికానసెన్స్ స్క్వాడ్రన్. అందరూ పిలిచేది ‘హరికేన్ హంటర్స్’ అని; హరికేన్ అంటే అక్కడి తుపానే. అమెరికా వాయుసేన రిజర్వు విభాగానికి చెందిన ఈ తుపాను వేటగాళ్ళ కథలో ఎన్ని వింతలున్నాయో చూడండి!

● హరికేన్‌లోకి కావాలని విమానం నడిపిన మొదటి మనిషి ఆ పని చేసింది పందెం కోసం! 1943 జులై 27న టెక్సస్‌లో, ఏటీ-6 శిక్షణ విమానాన్ని బ్రిటిష్ పైలట్లు ఎగతాళి చేస్తే, దాని సత్తా చూపించడానికి కల్నల్ జోసెఫ్ డక్‌వర్త్ అదే విమానంతో గాల్వెస్టన్ దగ్గరి హరికేన్‌లోకి దూసుకుపోయాడు.

● ఆ విమానానికి ఇంజిన్లెన్నో చెప్పుకోండి? ఒక్కటే! అయినా ఆయన ఒకసారితో ఆగలేదు; తిరిగి రాగానే వాతావరణ అధికారి తానూ చూస్తానంటే, అతన్ని ఎక్కించుకుని అదే రోజు రెండోసారీ వెళ్ళొచ్చాడు.

● హరికేన్లను వేటాడే ఈ దళం పుట్టింది ఎముకలు కొరికే చలిలో! రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌కు వెళ్ళే విమానాలకు అట్లాంటిక్ మీది వాతావరణం చెప్పడానికి, 1944లో న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్‌లో దీన్ని మొదలుపెట్టారు.

● బెర్ముడా, ఇంగ్లండ్, జార్జియా, ప్యూర్టోరికో... ఈ దళం కాపురం పెట్టని చోటు లేదేమో! చివరికి 1973లో మిసిసిపీ రాష్ట్రం బిలోక్సీలోని కీస్లర్ స్థావరానికి చేరి, ఇప్పటికీ అక్కడే ఉంది.

● మూతపడ్డ దళం రెండేళ్ళకు మళ్ళీ లేచి కూర్చుంది! వాయుసేన 1991లో దీన్ని రద్దు చేస్తే, అప్పటికే అదే పని చేస్తున్న రిజర్వు సిబ్బంది 1993లో పాత నంబరుతోనే తిరిగి నిలబెట్టారు.

● తుపాను వేట కొందరికి పార్ట్‌టైమ్ ఉద్యోగమంటే నమ్ముతారా? ఇక్కడ 20 విమాన బృందాలుంటే వాటిలో సగం పార్ట్‌టైమ్ రిజర్వు సిబ్బందివే. మామూలు రోజుల్లో వాళ్ళ కొలువులు వేరే!

● విమానాలు పదే, పహారా మాత్రం రెండు మహాసముద్రాల మీద! అట్లాంటిక్ నడుమ నుంచి హవాయి అవతలి అంతర్జాతీయ దినరేఖ దాకా చూసుకుంటూ, ఒకేసారి మూడు తుపానుల్లోకి కూడా ఎగరగలరు.

● వీళ్ళు నడిపే డబ్ల్యూసీ-130జె విమానానికి ఉక్కు కవచం ఉంటుందనుకుంటున్నారా? అలాంటిదేమీ లేదు! సూటిగా వీచే గాలి విమానాన్ని తనతోపాటు మోసుకుపోతుందే గానీ విరిచేయదు. అసలు భయం ఒక్కసారిగా పైకెత్తి, కిందికి కుదేసే గాలులతోనే.

● ఒక్కసారి గాల్లోకి లేస్తే ఆ విమానం దాదాపు 18 గంటలు దిగకుండా ఉండగలదు! తుపాను మధ్యలోంచి ఇంటూ గుర్తు గీసినట్టు అటూ ఇటూ దాటుతూ, పదేపదే కంట్లోకి వెళ్ళి రావాలి మరి.

● ఆ కంట్లో ఏముంటుందో ఊహించండి... చాలాసార్లు నీలాకాశం, ఎండ! చుట్టూ మబ్బుల గోడ ప్రళయం సృష్టిస్తుంటే, నడిమధ్యన గాలి కిందికి దిగుతూ వేడెక్కి మబ్బుల్ని కరిగించేస్తుంది.

● చేతికర్రలో సగమంత గొట్టం నాలుగు నిమిషాల్లో తుపాను గుట్టంతా విప్పేస్తుంది! డ్రాప్‌సాండ్ అనే ఈ పరికరాన్ని సుమారు 3,000 మీటర్ల ఎత్తునుంచి వదిలితే, చిన్న పారాచూట్‌తో దిగుతూ పీడనం, వేడి, తేమ, గాలి వేగం రేడియోలో పంపి సముద్రంలో పడిపోతుంది.

● అంత పెద్ద విల్మా హరికేన్‌కు కన్ను మాత్రం 3.7 కిలోమీటర్లే! 2005లో దాన్ని దాటడానికి విమానానికి నిమిషం కూడా పట్టలేదు. అక్కడ తేలిన 882 మిల్లీబార్లు అట్లాంటిక్‌లో ఇప్పటికీ అతి తక్కువ పీడనం రికార్డే.

● 1979లో పశ్చిమ పసిఫిక్‌లో వచ్చిన టిప్ టైఫూన్ (అక్కడ తుపానును అలా అంటారు) వెడల్పు 2,220 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి ఢిల్లీ దాకా దాదాపు కప్పేసేంత! గువాం నుంచి ఎగిరిన సోదర దళం, 54వ స్క్వాడ్రన్, అందులో 870 మిల్లీబార్ల పీడనం కొలిచింది. ప్రపంచంలో ఏ తుపానులోనైనా సముద్రమట్టంలో కొలిచిన అతి తక్కువ పీడనం అదే.

● అక్టోబరు 12... ఈ తేదీ ఏమిటో విచిత్రం! ఆ 870 రికార్డు నమోదైంది 1979 అక్టోబరు 12నే. సరిగ్గా ఐదేళ్ళ ముందు అదే రోజున, అదే 54వ స్క్వాడ్రన్ విమానం ‘స్వాన్ 38’ ఆరుగురితో సహా బెస్ టైఫూన్‌లో మాయమైంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిందీ అక్టోబరు 12నే!

● తుపాను వేటగాళ్ళ ఇంటి మీదికే తుపాను వస్తే? 2005 ఆగస్టులో కత్రినా వాళ్ళ స్థావరాన్నే ముంచెత్తింది. విమానాలను వేరే చోటికి తరలించి, సొంత ఊరి మీదికొస్తున్న ఆ తుపానులోకే ఎగిరారు!

● ఇంత ధైర్యవంతులూ తుపాను నేల మీదికి ఎక్కాక దాని జోలికి పోరు! తీరం దాటాక సుడిగాలులు పుట్టొచ్చు, పైగా అక్కడ కొలిచేందుకు నేలమీది పరికరాలు, రాడార్లు ఉండనే ఉన్నాయి.

● చలికాలంలో వీళ్ళకు సెలవులనుకుంటే పొరపాటే! పసిఫిక్ మీదుగా ఆకాశంలో నదిలా సాగి కాలిఫోర్నియాలో కుండపోత కురిపించే తేమ ధారలను కొలవడానికి అటు వెళ్తారు.

● మరి మన బంగాళాఖాతంలో ఈ వేట ఎవరు చేస్తారు? ఇక్కడ తుపానుల్లోకి విమానాలు పంపడం మామూలుగా లేదు. ఉపగ్రహ చిత్రాల్లో మబ్బుల తీరు చూసి, రాడార్ల సాయంతో తీవ్రత లెక్కగడతారు.

● చివరగా, కప్ప, పంది కలిసి తుపానులను వేటాడటం ఎప్పుడైనా విన్నారా? అమెరికాలోనే నోవా అనే పౌర సంస్థకు కూడా వేట విమానాలున్నాయి. వాటిలో రెంటికి ‘ద మపెట్స్’ బొమ్మలాటలోని కప్ప కెర్మిట్, పందమ్మ మిస్ పిగ్గీ పేర్లు పెట్టారు!