అప్పు కంటే ముందు అర్జీ
క్యాన్సర్ చికిత్స వ్యయం: లక్ష్మీనగర్ కుటుంబాలకు ఉన్న దారులు

న్యూఢిల్లీ: యమునకు తూర్పు గట్టున, వికాస్ మార్గ్ పొడవునా విస్తరించిన లక్ష్మీనగర్ మధ్యతరగతి ప్రజల పేట. చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ కేంద్రాలు, వాటిని ఆధారం చేసుకున్న అద్దె గదులు, చిన్న దుకాణాలు, ప్రైవేటు కార్యాలయాలలో గుమస్తా ఉద్యోగాలు ఇక్కడి అనేక కుటుంబాలకు జీవనాధారం. ఇటువంటి ఇంటిలో ఒకరికి క్యాన్సర్ సోకినట్లు తేలితే, ఆ ఇంటి లెక్కలన్నీ ఒక్కసారిగా తలకిందులవుతాయి. ముందు బంగారం తాకట్టుకు వెళుతుంది. ఆ తరువాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ దగ్గర చేబదుళ్ళు, వడ్డీకి అప్పులు, ఊరిలో పొలం ఉంటే దాని అమ్మకం. ప్రభుత్వ సహాయం అనే మాట చివరకు, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు, గుర్తుకు వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ వరుస తారుమారు కావడమే అనేక కుటుంబాలను అప్పుల ఊబిలోకి నెడుతున్నది.

జాతీయ నమూనా సర్వే సంస్థ 2017-18లో జరిపిన 75వ విడత సర్వే ప్రకారం, క్యాన్సర్ రోగి ఒకసారి ఆస్పత్రిలో చేరితే అయిన సగటు వైద్య వ్యయం ప్రభుత్వ ఆస్పత్రిలో సుమారు రూ. 22 వేలు, ప్రైవేటు ఆస్పత్రిలో సుమారు రూ. 93 వేలు. ఇది ఒక్కసారి చేరినందుకు అయిన ఖర్చు మాత్రమే. శస్త్రచికిత్స, రేడియేషన్, విడతలు విడతలుగా సాగే కీమోథెరపీ, ఆపై ఏళ్ళ తరబడి పరీక్షలు కలిపితే మొత్తం ఎంతవుతుందో ఊహించడం కష్టం కాదు. భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా క్యాన్సర్ బారిన పడినవారు 14.61 లక్షల మంది. కనుక ఇది ఒక ఇంటి సమస్యో, ఒక వీధి సమస్యో కాదు.

ఖర్చు పెట్టక ముందే

ప్రభుత్వ సహాయ నిధుల నిబంధనలలో ప్రజలకు అంతగా తెలియని అంశం ఒకటి ఉంది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1997లో ఏర్పాటు చేసిన రాష్ట్రీయ ఆరోగ్య నిధి, దారిద్య్రరేఖకు దిగువనున్న రోగులకు ప్రభుత్వ ఆస్పత్రులలో చికిత్స కోసం ఉద్దేశించినది. ఇందులో భాగంగా 2009లో క్యాన్సర్ రోగులకు ప్రత్యేక నిధి కూడా ఏర్పడింది. అయితే అప్పటికే ఖర్చు పెట్టిన సొమ్మును ఈ నిధి నుంచి తిరిగి చెల్లించరు. సొమ్ము రోగి చేతికి ఇవ్వరు, ఆస్పత్రికే పంపుతారు. అంటే, అప్పు చేసి బిల్లు కట్టి, రసీదులు పట్టుకుని వెళ్ళిన కుటుంబానికి దక్కేది శూన్యం. బిల్లు కట్టక ముందే, వైద్యుడు రాసిచ్చిన వ్యయ అంచనాతో వెళ్ళిన కుటుంబానికే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఇందుకోసం మంత్రిత్వ శాఖ చుట్టూ తిరగవలసిన అవసరం అన్ని వేళలా ఉండదు. దేశంలోని 27 ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల వద్ద ఈ నిధి నుంచి కొంత సొమ్మును ముందుగానే ఉంచే ఏర్పాటు చేశారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) క్యాన్సర్ విభాగం, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఈ కోవలోనివే. ఆస్పత్రిలోని వైద్య సామాజిక సేవాధికారిని కలిస్తే దరఖాస్తు ఎలా చేయాలో, ఏ పత్రాలు కావాలో తెలుస్తుంది. డాక్టరు తరువాత రోగి బంధువు కలవవలసిన తొలి వ్యక్తి ఈ అధికారే.

1948 జనవరిలో, పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం ప్రజల విరాళాలతో ప్రారంభమైన ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి సైతం కాలక్రమంలో క్యాన్సర్ వంటి వ్యాధుల చికిత్సకు సహాయం అందించే స్థాయికి విస్తరించింది. ఇందుకు కూడా ఆస్పత్రి ఇచ్చే వ్యయ అంచనా, ఆదాయ ధ్రువపత్రం ముఖ్యం. మంజూరయ్యేది ఖర్చులో కొంత భాగమే కావచ్చు. అయినా అంతమేరకు అప్పు తగ్గినట్లే.

ఢిల్లీ వాసులకు

లక్ష్మీనగర్ నుంచి ప్రభుత్వ క్యాన్సర్ వైద్యం దూరమేమీ కాదు. దిల్షాద్ గార్డెన్‌లోని ఢిల్లీ రాష్ట్ర క్యాన్సర్ సంస్థ తూర్పు ఢిల్లీలోనే ఉంది. మెట్రోలో రాజీవ్ చౌక్ వద్ద బండి మారితే ఎయిమ్స్ చేరవచ్చు. ఎయిమ్స్‌కు అనుబంధంగా హర్యానాలోని ఝజ్జర్‌లో నిర్మించిన జాతీయ క్యాన్సర్ సంస్థను 2019 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. అక్కడ రోగుల బంధువుల కోసం ఇన్ఫోసిస్ ఫౌండేషన్ నిర్మించిన 806 పడకల విశ్రాంతి భవనం 2021 అక్టోబరులో ప్రారంభమైంది. పెద్ద ఆస్పత్రులలో వేచి ఉండవలసిన రోజులు ఎక్కువన్న మాట వాస్తవమే. రోగి స్థితి ఆలస్యాన్ని తట్టుకోగలదో లేదో చెప్పవలసినది వైద్యుడే.

ఏడాదికి కుటుంబానికి రూ. 5 లక్షల వరకు ఉచిత వైద్యం కల్పించే ఆయుష్మాన్ భారత్ పథకం 2018 సెప్టెంబరులో దేశంలో ప్రారంభమైనా, ఢిల్లీలో అమలుకు ఒప్పందం కుదిరింది 2025 ఏప్రిల్ 5న మాత్రమే. ఢిల్లీ ప్రభుత్వం తన వంతుగా మరో రూ. 5 లక్షలు కలపడంతో పరిమితి రూ. 10 లక్షలకు చేరింది. ఇక 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకం వర్తింపజేస్తూ కేంద్రం 2024 అక్టోబరులో నిర్ణయం అమలు చేసింది. తల్లిదండ్రుల చికిత్స భారం మోస్తున్న మధ్యతరగతి ఉద్యోగులకు ఇది పెద్ద ఊరట. అయినా కార్డు ముందుగా తీసుకుని ఉంచుకోవాలన్న ధ్యాస చాలామందికి ఉండదు.

ప్రైవేటు ఆస్పత్రులలోనూ పేదలకు హక్కు ఉన్నదన్న సంగతి గమనార్హం. ప్రభుత్వం నుంచి చౌకగా భూమి పొందిన ఆస్పత్రులు తమ పడకలలో 10 శాతం, బయటి రోగుల విభాగంలో 25 శాతం ఆర్థికంగా బలహీన వర్గాలకు ఉచితంగా కేటాయించాలని ఢిల్లీ హైకోర్టు 2007 మార్చిలో తీర్పు చెప్పింది. ఇటువంటి బాధ్యతను 2018 జూలైలో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఇది దయాధర్మం కాదు, భూమి ధరలో రాయితీకి బదులుగా ఒప్పుకున్న షరతు. కనుక అడగడానికి సంకోచించవలసిన పనిలేదు.

జీతగాళ్ళ సంగతి

ఈ పథకాలన్నింటికీ ఆదాయ పరిమితి అడ్డుగా నిలిచే వర్గం ఒకటున్నది. వారు పేదలు కారు, రూ. 10 లక్షల బిల్లు కట్టగల ధనికులూ కారు. వీరికి దారి వేరు. చిన్న సంస్థలలో పనిచేసేవారు ముందుగా తమ జీతపు చీటీ చూసుకోవాలి. అందులో ఇ.ఎస్.ఐ. కోత ఉంటే రోగికి పూర్తి వైద్యం ఆ సంస్థ బాధ్యత. 2017 జనవరిలో దీని వేతన పరిమితిని నెలకు రూ. 21 వేలుగా నిర్ణయించారు. ఉద్యోగికే క్యాన్సర్ వస్తే, నిర్ణీత సర్వీసు, చందాలు ఉన్న పక్షంలో, దీర్ఘకాల వ్యాధుల జాబితా కింద వేతనంలో 80 శాతం మేర భృతి రెండేళ్ళ వరకు లభించే వీలుంది. చాలా కుటుంబాలను కుంగదీసేది వైద్యం ఖర్చుతో పాటు ఆగిపోయిన జీతం కూడా కావడంతో, ఈ భృతి విలువ తక్కువేమీ కాదు.

భవిష్యనిధి నుంచి తన వైద్యానికి గాని, కుటుంబ సభ్యుల వైద్యానికి గాని అడ్వాన్సు తీసుకోవచ్చు. అధికారుల పరిశీలన కోసం ఆగకుండా యాంత్రికంగా పరిష్కారమయ్యే అడ్వాన్సుల పరిమితిని 2025 జూన్‌లో రూ. లక్ష నుంచి రూ. 5 లక్షలకు పెంచారు. ఇది అప్పు కాదు, వడ్డీ ఉండదు. ఐతే వృద్ధాప్యానికి దాచుకున్న సొమ్ము అన్న మాట మరువరాదు.

ఆదాయపు పన్నులోనూ కొంత వెసులుబాటు ఉంది. 1961 నాటి చట్టంలోని 80 డి.డి.బి. సెక్షన్ కింద, తనపై ఆధారపడిన భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ క్యాన్సర్ చికిత్సకు పెట్టిన ఖర్చులో రూ. 40 వేల వరకు, రోగి వయోవృద్ధులైతే రూ. లక్ష వరకు ఆదాయం నుంచి మినహాయించారు. పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే ఇది వర్తించింది. నిపుణుడైన వైద్యుని చీటీ తప్పనిసరి. బీమా ద్వారా వచ్చిన మొత్తాన్ని ఇందులోంచి తీసివేస్తారు.

మందుల ధర

ఖర్చులో పెద్ద వాటా మందులదే. ఈ విషయంలో తెలుగువారు గర్వించదగిన ఘట్టం ఒకటి ఉంది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ మందును బేయర్ సంస్థ నెలకు రూ. 2,80,428 చొప్పున అమ్ముతున్న రోజుల్లో, హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు 2012 మార్చిలో పేటెంట్ల కార్యాలయం నిర్బంధ లైసెన్సు ఇచ్చింది. నాట్కో నిర్ణయించిన ధర నెలకు రూ. 8,880. దేశంలో ఇటువంటి లైసెన్సు ఇవ్వడం అదే ప్రథమం. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న, రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ విషయంలో నోవార్టిస్ కోరిన పేటెంటును సుప్రీంకోర్టు నిరాకరించింది. ఒకే మందుకు రెండు ధరల మధ్య ఎంత అగాధం ఉండగలదో ఈ వివాదాలు లోకానికి చాటాయి.

2019 ఫిబ్రవరిలో ఔషధ ధరల నియంత్రణ సంస్థ 42 క్యాన్సర్ మందులపై వ్యాపార లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసింది. 2015 నవంబరులో ఎయిమ్స్‌లో మొదలైన ‘అమృత్’ మందుల దుకాణాలు క్యాన్సర్, గుండె జబ్బుల మందులను రాయితీపై విక్రయిస్తున్నాయి. కనుక చీటీ చేతికి రాగానే ఎదురుగా ఉన్న దుకాణానికి పరుగెత్తకుండా, ఇదే మందు జెనరిక్ రూపంలో దొరుకుతుందా అని వైద్యుని అడగడం ఉత్తమం. వైద్యుని అనుమతి లేకుండా మందు మార్చడం మాత్రం ప్రమాదకరం.

సొంత ఊరి కార్డు

ఢిల్లీలో ఉంటున్నా, తెలుగు కుటుంబాలలో కొందరి రేషన్ కార్డు సొంత ఊరిలోనే ఉంటుంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్సకూ వర్తిస్తుంది. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరులో రూ. 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారింది. ఊరిలో తల్లి జబ్బు పడితే కొడుకు ఆమెను ఢిల్లీకి తీసుకురావడం సహజం. అయితే కార్డు చెల్లే చోట చికిత్స చేయించి, కొడుకే సెలవు పెట్టి వెళ్ళడం కొన్ని సందర్భాలలో తెలివైన పని. రైలులో క్యాన్సర్ రోగికి స్లీపర్, మూడవ తరగతి ఏసీలలో పూర్తి రాయితీ, వెంట వెళ్ళే వ్యక్తికి 75 శాతం రాయితీ ఉన్నాయి. చికిత్సకో, పరీక్షకో వెళుతున్నట్లు ఆస్పత్రి ధ్రువపత్రం చూపాలి.

ఇన్ని దారులున్నా, అన్నింటికీ కలిపి ఒకే కిటికీ లేకపోవడమే పెద్ద లోపం. ఒకచోట ఆదాయం అడుగుతారు, మరొకచోట నివాసం, ఇంకొకచోట రేషన్ కార్డు, వేరొకచోట జీతపు చీటీ. రోగి పక్కన కూర్చున్న మనిషి ఈ కిటికీలన్నీ తిరగలేడు. అందువల్ల బంధువులు చేయగల మొదటి సహాయం డబ్బు కాకపోవచ్చు. ఒకరు రోగి దగ్గర ఉంటే, మరొకరు ఆధార్, ఆదాయ, నివాస పత్రాలు, బయాప్సీ నివేదిక, వ్యయ అంచనా ప్రతులు తీసి, వరుసలలో నిలబడే బాధ్యత తీసుకోవాలి. వేయి రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళే బంధువు కంటే, రెండు రోజులు కార్యాలయాల చుట్టూ తిరిగిన బంధువు ఆ కుటుంబానికి ఎక్కువ మిగిల్చే అవకాశముంది. అప్పటికీ చాలని మొత్తం ఎంతో తేలిన తరువాతనే అప్పు సంగతి ఆలోచించాలి. అప్పుడు ఆ అప్పు, తీర్చగలిగినంత మేరకే ఉంటుంది.