ఆన్‌లైన్ సైకిల్‌కూ మెకానిక్ కావాల్సిందే

ఫోన్‌లో ఆర్డర్ పెడితే సైకిల్ చోడవరంలో ఇంటి గుమ్మం ముందుకే వచ్చేస్తోంది. మరి సైకిల్ షాపునే నమ్ముకున్న కుటుంబాల సంగతేంటి?

ధరలో పోటీ పడి చిన్న షాపు నెగ్గడం కష్టం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కానీ ఆ లాభం ఆన్‌లైన్ వాళ్లకూ ఉంది.

షాపు బలం వేరే చోట ఉంది. ఆన్‌లైన్ సైకిల్ చాలావరకు పూర్తిగా బిగించకుండానే అట్టపెట్టెలో వస్తుంది. హ్యాండిల్, ముందు చక్రం, సీటు, పెడళ్లు మనమే బిగించుకోవాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. తెలియక బలవంతంగా తిప్పితే క్రాంక్ మర అరిగిపోతుంది. బ్రేకులు సరిగా పట్టకపోతే పిల్లలకే ప్రమాదం.

అందుకే షాపువాళ్లు "ఎక్కడ కొన్నారో అక్కడికే వెళ్లండి" అనకూడదు. బిగింపుకు ఇంత, ఓవరాయిలింగ్‌కు ఇంత అని బోర్డు మీద రాసి పెట్టాలి. గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు, ఫోన్ నంబరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు. పాడైన పార్టు ఫోటో వాట్సాప్‌లో పంపితే ధర చెప్పేయొచ్చు. కొత్త బ్రేక్ వైర్లు కొన్నాళ్లకు సాగుతాయి కాబట్టి, నెలకోసారి చూపించుకోమని చెప్పాలి.

సైకిల్ కొనేది ఒక్కసారే. రిపేరు మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. షాపుకు రోజీ అక్కడే.